మోత్యా మెడ మీద వెన్న

గంగారాం కాకకు పదో దినాన పెట్టిన అన్నం దగ్గర మేము ఎక్కువసేపు నిలబడవలసిన పని పడలేదు. పెన్‌గంగ నది ఇసుకలో మోదుగాకు విస్తరి పరిచి ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టారు: జొన్న రొట్టె, శెనగపిండి పిట్ల, ఎర్ర కారం, చిన్న బెల్లం ముక్క. చనిపోయినవాళ్లకు ఏదైనా కోరిక మిగిలితే పిట్ట ముట్టదని మా వైపు నమ్మకం. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ మనుమరాలి పెండ్లి మేం చేస్తాం, నీ ముసలిదాన్ని మేం చూసుకుంటాం, ఫికర్ చేయకు అని మాట ఇస్తూ పోతారు. ఎవరి మాటకు పిట్ట వాలితే అదే ఆయన మనసులో ఉన్నదని లెక్క. ఆదిలాబాద్ నుంచి బస్సులో వస్తూ దారి పొడుగునా నేను ఒకటే మొక్కుకున్నాను. పిట్ట ముట్టకపోతే అందరి ముందూ ఆ మాట చెప్పేస్తాను, ముట్టిందా, ఎప్పటిలాగే నోరు మూసుకుని ఇంటికి పోతాను. వేలమంది పిల్లలకు బడిలో అబద్ధాలాడవద్దని చెప్పిన పంతులమ్మను, అరవై దాటినదాన్ని, నా నిజాయితీని ఒక పిట్టకు అప్పగించి వచ్చాను. ఆ పిట్ట మమ్మల్ని నాలుగడుగులు వెనక్కి కూడా జరగనివ్వలేదు. వచ్చి వాలి, రొట్టె ముక్క నోట కరుచుకుని పోయింది. "ఏ కోరికా లేకుంట పోయిండు, పుణ్యాత్ముడు" అన్నారందరూ. తప్పించుకోవడానికి ఆయనే నాకు దారి ఇచ్చాడు, మళ్లీ.

గంగారాం కాక ధుర్కరి. ఎడ్ల పందేన్ని మా దిక్కు పట్ అంటారు. రెండు ఎడ్లకు కాడి కట్టి, దాని వెనక రేంగి అనే బొమ్మలాంటి చిన్న బండి తగిలిస్తారు. ఒక మనిషి కాళ్లు పెట్టుకోవడానికి తప్ప అందులో దేనికీ చోటుండదు. దాని మీద నిలబడి ఎడ్లను ఉరికించేవాడే ధుర్కరి. పెన్‌గంగకు రెండు ఒడ్లలోనూ ఆ పని చేసినవాళ్లు చాలామంది ఉండేవారు కాని, పేరు చెబితే జనం చేను పని వదిలేసి వచ్చింది ఒక్క గంగారాం కాకకే. పదో దినానికి వచ్చినవాళ్లను చూస్తే తెలిసింది. అందరూ ముసలివాళ్లే. కొందరు తలపాగలతో, ఆవలి మరాఠీ ఒడ్డువాళ్లు తెల్ల టోపీలతో. ఒకాయన తన పెద్దకొడుక్కి గంగారాం అని పేరు పెట్టుకుని, ఆ కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ కొడుక్కే తల నెరిసింది. ఇంకొకాయనకు చూపు లేదు, మనుమడి భుజం పట్టుకుని వచ్చి, గోడకు ఆనించిన పాత కాడిని ఈ చివర నుంచి ఆ చివరి దాకా చేత్తో తడిమి, వెళ్లి కూర్చున్నాడు.

మా ఇంట్లో మనుషులకు తెలుగు, ఎడ్లకు మరాఠీ. ఈ కట్టుబాటు పెట్టింది మా బాపమ్మ, అంటే బాపు వాళ్ల అమ్మ. సర్జా, మోత్యా రెండూ ఆవలి ఒడ్డు సంతలో కొన్న కోడెలు. "గవాటికి మన మాట రాదే. పరాయి ఊరికొచ్చినయ్, జర వాటి మాటనే మాట్లాడుండ్రి" అనేది. వాకిట్లో కూర్చుని నన్ను తెలుగులో తిట్టి, అదే గుక్కలో అటు తిరిగి మోత్యాను మరాఠీలో ముద్దు చేసేది. మా ఇల్లంతా ఉడికిన ఉలవల వాసన. నడిమింట్లో పైకప్పు దాకా పత్తి పోసి ఉండేది, దీపం ఆ గడప దాటనిచ్చేవాళ్లు కాదు. తెల్లారగట్ల అవ్వ, అంటే మా అమ్మ, జొన్న రొట్టెలు చరుస్తున్న చప్పుడుకు లేస్తే, కొట్టంలో బాపమ్మ పేడ చేతిలోకి తీసుకుని వాసన చూస్తూ కనబడేది. అలా చూసే ఏ ఎద్దుకు అరగలేదో, ఏది రాత్రి సరిగా నీళ్లు తాగలేదో చెప్పేది. మా బాపు ఊరికి పటేల్. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ, అందులో ఎనిమిది గంగారాం కాకతోనే.

కాక చేతిలో నేను ఎప్పుడూ ములుగర్ర చూడలేదు. మిగతా ధుర్కరులు తోకలు మెలిపెట్టేవాళ్లు, గుచ్చేవాళ్లు, గొంతు పోయేలా అరిచేవాళ్లు. ఈయన నాలుకతో చిన్న చప్పుడు చేసి, చివరి పరుగులో మోత్యా నడుము మీద అరచెయ్యి ఆనించేవాడు, అంతే. "కట్టె పట్టెటోడు ఎడ్లను ఉరికిస్తడు బిడ్డా. నేను ఎడ్లతోటి ఉరుకుత" అని ఒకసారి నాకు చెప్పాడు. కాడికి ఎడ్ల మెడలను కలిపి కట్టే తాడును పలుపు అంటాం. ఆ ముడి ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. తానే కడతాడు, విప్పుతాడు, మళ్లీ కడతాడు, మూడోసారి కట్టినదే ఉంచుతాడు. ఇక తాగుడు. ఇప్పసారా అంటే ప్రాణం, దాచుకునేదేముంది? కాని పట్‌కు నెల ముందు మహాదేవుని గుళ్లో ఒట్టు పెట్టుకుని, తాను తాగే ఇత్తడి లోటాను మా కొట్టంలో మేకుకు బోర్లించి తగిలించేవాడు. ఊళ్లో ఎవరు వచ్చినా చూడాలని. పట్ గెలిచిన సాయంత్రం దాన్ని దింపి, దుమ్ము ఊది, నవ్వుకుంటూ పోయేవాడు.

ఆ యేడు నాకు తొమ్మిదేళ్లు ఉంటాయేమో. జొన్నలు కోసి, పత్తి ఇంటికి చేరి, చలి ఇంకా పోని రోజులు. మా ఊరి పట్‌లో అంతకుముందు రెండేళ్లు వరుసగా సర్జా, మోత్యాలే గెలిచాయి. ఇంకొక్కసారి గెలిస్తే ఊరికి అది ఎంత గొప్పో నాకూ తెలుసు, ఎందుకంటే అవ్వ కూడా వంటింట్లోంచి బయటికొచ్చి దాని గురించి మాట్లాడుతోంది. పట్‌కు ముందురోజు పొద్దున కాక బాపుతో అనడం విన్నాను: "పటేలా, మోత్యా మెడ జర కందింది. ఉత్త పసుపు అద్దిన, పొడిగ ఉంటె రేపటికి మానుతది." పొడిగా అన్న మాట నా చెవికి ఎక్కలేదు. మెడ కందిందన్న మాట ఒక్కటే ఎక్కింది. మోత్యా అంటే నాకు ప్రాణం. నా జుట్టు నాకేది, నేను తప్ప ఇంకే పిల్ల దగ్గరికెళ్లినా బుస కొట్టేది.

పొలాల అమావాస్య మా దగ్గర ఎడ్ల పండుగ. దానికి ముందటి సాయంత్రం ఎడ్ల మెడలకు, కాడి ఆనే చోట, వెన్నలో పసుపు కలిపి రుద్దుతారు. యేడాదంతా బరువు మోసిన మెడ కదా, ఆ ఒక్క పూటా దానికి సేవ. రుద్దుతూ చెవిలో మరాఠీలో పిలుపు చెబుతారు: "ఆజ్ ఆవతన్ ఘ్యా, ఉద్యా జేవాయ్‌లా యా." ఆవతన్ అంటే పిలుపు. ఇవాళ పిలుపు అందుకోండి, రేపు భోజనానికి రండి అని. మా ఇంట్లో ఆ పిలుపు బాపమ్మ చెప్పేది, నేను వెన్న గిన్నె పట్టుకునేదాన్ని. మర్నాడు ఎడ్ల మెడలు నున్నగా మెరిసేవి. వాటి నొప్పులన్నీ ఆ వెన్నతోనే పోతాయని నేను నమ్మాను. పొలాల అమావాస్య రోజు ఎడ్లకు కాడి కట్టరు, అందుకే వెన్న రాస్తారు అని నాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఎవరికి తోస్తుంది? మా ఊళ్లో పాలు తాగే పిల్లకైనా తెలిసిన సంగతి అది.

ఆ సాయంత్రం ఆవలి ఒడ్డు నుంచి జోడీలు నది దాటుతున్నాయని అందరూ చూడటానికి పోయారు. నేను ఉట్టి మీది కుండలో బాపమ్మ దాచిన వెన్న తీశాను. పసుపు కలిపాను. కొట్టంలోకి పోయి గాబు అంచు మీదికెక్కి మోత్యా మెడకు రెండు చేతులా రుద్దాను. సర్జాకు కూడా రాద్దామనుకున్నాను కాని అంత వెన్న మిగల్లేదు. సర్జా చెవిలో సారీ చెప్పినట్టు ఏదో చెప్పి, మోత్యా చెవిలో మాత్రం బాపమ్మ గొంతు పెట్టి పిలుపు చెప్పాను. అది నా జుట్టు నాకింది. ఎంత సంతోషం వేసిందో! రేపు మోత్యా గెలిస్తే అందులో సగం నాదే అనుకున్నాను.

పొద్దున చలికి ఆ వెన్న వెంట్రుకల్లోకి దిగి గడ్డకట్టింది. పసుపు కాక ముందే అద్దాడు కాబట్టి మెడ పచ్చగా ఉంటే అనుమానించవలసిన పని లేదు. ఆయన ఎప్పటిలాగే పలుపు కట్టి, విప్పి, మూడోసారి కట్టాడు. నేను కళ్లారా చూశాను. విఠల్ మామ గీత దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డాడు. పట్‌లో గెలుపు చెప్పేది ఆయనే. "ఐకా హో!" అని, అంటే వినండహో అని, అరిచాడంటే అవతలి ఒడ్డున చేపలు పట్టేవాళ్లకు కూడా వినబడేది. జెండా ఊగింది, రెండు జోడీలు దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. సగం దూరానికే మావి ముందున్నాయి. ఇంకో ఇరవై అడుగులు ఉరికితే గీత దాటేవి. అప్పుడే కాడి మోత్యా వైపు వాలింది. పరుగు వేడికి వెన్న కరిగి, కాడి మెడ మీంచి కొమ్ముల దాకా జారింది. కాక ఒళ్లంతా వెనక్కి వాల్చి, కాళ్లు నేలకు తన్ని, ఎడ్లను ఆపేశాడు. ఆపకపోతే మోత్యా మెడ విరిగేది. పక్కనుంచి ఆవలి ఒడ్డు జోడీ గీత దాటిపోయింది.

జనమంతా ఉరికారు. అందరికంటే ముందు నేనే చేరాను, చిన్నదాన్ని కాబట్టి కాళ్ల సందుల్లోంచి దూరి. కాక తన తలపాగ విప్పి మోత్యా మెడ తుడుస్తున్నాడు. వేళ్లకు అంటింది చూసుకున్నాడు, వాసన చూశాడు. తల ఎత్తితే ఎదురుగా నేను. వెన్నలో కలిపిన పసుపు ఒక్క రాత్రికి పోదు, నా రెండు అరచేతులూ పచ్చగా ఉన్నాయి. ఆయన ఆ చేతుల వంక చూశాడు. తర్వాత తన పెద్ద చేతులతో నా రెండు పిడికిళ్లూ మూసి, "చేతులు మూసుకో బిడ్డా, సలి పెడ్తది" అన్నాడు. అప్పుడే బాపు వచ్చాడు.

"ఏమైంది గంగారాం?"

"తప్పు నాదే పటేలా. పలుపు నేనే సరిగ కట్టలే."

బాపు నమ్మలేనట్టు చూశాడు. పలుపు కట్టడం రాదని గంగారాం తన నోటితో అనడం అంటే, వంట రాదని మా అవ్వ అన్నట్టే. "తాగినవా?" అని అడిగాడు. ముందురోజు గూడెంలో పెండ్లి జరిగింది, సారా పోశారు, అది అందరికీ తెలుసు. కాక ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పలేదు, కాడి విప్పుకుంటూ ఉండిపోయాడు. అదే ఒప్పుకోలు అనుకున్నారు అందరూ. ఒక్కరైనా మా కొట్టంలోకి పోయి చూస్తే లోటా మేకుకే బోర్లించి ఉంది, దాని మీద నెల రోజుల దుమ్ము అలాగే ఉంది. ఎవరూ పోలేదు. నేను పోయాను, చూశాను, ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం బాపమ్మ ఖాళీ కుండ దింపి, నా మొహం చూస్తూ, "పిల్లి తిన్నట్టుంది" అంది. ఆమెకు తెలిసిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

బాపు రేంగి ఇంకొకరికి ఇచ్చాడు. మా ఒడ్డున ఒక్క ఆసామి కూడా గంగారాం కాకను తర్వాత పిలవలేదు. ఒట్టు తప్పినవాడి చేతికి ఎడ్లనిస్తే మహాదేవుడు ఊరుకోడని భయం. ఆవలి ఒడ్డువాళ్లకు ఆ భయం లేదు, వచ్చి పిలుచుకుపోయారు. అక్కడ ఆయన పదిహేనేళ్లకు పైగా గెలుస్తూనే ఉన్నాడు. మా ఊరి మగవాళ్లు సంతకని చెప్పి నది దాటి, ఆయన పట్ చూసి వచ్చేవారు. వచ్చి అరుగు మీద గుసగుసలుగా చెప్పుకుంటుంటే, బాపు లోపల గదిలో కదలకుండా కూర్చుని వినేవాడు. ఆ పేరు మాత్రం ఎత్తేవాడు కాదు. మా ఊరి పట్ గీత మీద కాక మళ్లీ కాలు పెట్టలేదు, ఆ లోటాను తీసుకుపోవడానికి కూడా మా ఇంటికి రాలేదు.

నేనెందుకు చెప్పలేదు? మొదట బాపు భయం. ఆ తర్వాత నన్ను చదువుకని ఆదిలాబాద్‌లో ఉంచారు, దూరం నాకు బాగా పనికొచ్చింది. నేరం పాతబడితే చిన్నదవుతుందనుకున్నాను, మూర్ఖురాలిని. బాపు పోయాడు, ఏమీ తెలియకుండానే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి బస్టాండులో కాక కనబడ్డాడు. ఎంత సంతోషపడ్డాడో, నాకు జామపండ్లు కొనిపెట్టాడు. ధైర్యం చేసి, "కాకా, గా పట్ దినం..." అని మొదలుపెట్టాను. "మోత్యా సచ్చిపోయి ఎన్నేండ్లాయె బిడ్డా, ఇడిసిపెట్టు" అన్నాడు. నేను వెంటనే విడిచిపెట్టాను. బస్సు కదిలాక నాకు కలిగింది బాధ కాదు, హాయి. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది.

పదో దినం భోజనాలు పాత పట్ జరిగిన చేను గట్టున పెట్టారు. ఇప్పుడు అక్కడ పట్ లేదు, గీత లేదు, పత్తి మధ్య నల్లని పైపులు. ఊరు మొత్తం మీద రెండే జతల ఎడ్లున్నాయట, పొలాల అమావాస్యకు పిల్లలు మట్టి ఎడ్లకు పసుపు పూస్తారట. ఎడ్లతో మాట్లాడటానికి మరాఠీ నేర్చుకునే పని ఏ పిల్లకూ లేదు. మా కాలం గొప్పదని నేను అనను. మంచి మనిషిని ఒక్క మాటతో ఊరు దాటించిన కాలం అది. భోజనాలయ్యాక ఒక్కొక్కరే కాక గెలిచిన పట్‌లు తలుచుకున్నారు. చివరికి విఠల్ మామ వంతు వచ్చింది. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, గొంతు సన్నబడింది.

"ధుర్కరి అంటె గంగారామే. గసొంటోడు మళ్ల పుట్టడు. గాని మన్షి అన్నంక ఒక తప్పుంటది గద. గా ఒక్క దినం తాగకపోతె మన ఒడ్డు ఇడిసి పోకపోతుండె, పాపం" అన్నాడు.

అందరూ పాపం అన్నారు. ఎంతో ప్రేమగా అన్నారు. తిట్టి ఉంటే నేను ఓర్చుకునేదాన్నేమో, ఆ పాపం అన్న మాటే నన్ను లేపి నిలబెట్టింది.

"కాక తాగలే మామా" అన్నాను. ఎన్నాళ్లకో మా ఊరి మాట నా నోట్లోకి దానంతటదే వచ్చింది. "పలుపు మంచిగనే కట్టిండు. మోత్యా మెడకు వెన్న రాసింది నేను."

మొత్తం చెప్పాను. ఆవలి ఒడ్డువాళ్లకు అర్థం కాక అడిగితే ఎవరో పక్కన మరాఠీలో చెప్పారు. నా తప్పును నేను రెండు భాషల్లో విన్నాను. నేను రాజవ్వ చిన్నమ్మ వైపు తిరిగాను. కాక భార్య ఆమె. మోకాళ్లు ముడుచుకుని, కొంగు నెత్తిమీదికి లాక్కుని కూర్చుని ఉంది.

"నాకెర్కనే బిడ్డా" అంది. "గా దినమే చెప్పిండు. ఎవ్వలకు చెప్పద్దని ఒట్టు ఏయించుకున్నడు. ఎద్దుకు ఆవతన్ ఇచ్చిన పిల్లను పదిమంది ముందట నిలవెట్టద్దన్నడు."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఆగింది, నా ఏడుపు అయ్యేదాకా చూసింది.

"గాని గీ రెండేండ్ల సంది ఆయినకు యాది ఉండకపోతుండె. ఒకటే అడుగుడు. 'గా దినం నేను తాగిన్నానే రాజవ్వా?' అని. తాగలేదయ్యా, పటేల్ బిడ్డ వెన్న రాసిందని నువ్వే చెప్తివి గదా అంటె నమ్మకపోతుండె. 'ఊరంత అంటున్నరు గదనే, తాగినట్టే ఉన్న' అని ఏడ్చెటోడు. పటేల్ బిడ్డ వచ్చి చెప్తె నమ్ముతడేమో అనుకున్న. పొలాల అమాసకు నీకు కబురు సుత పంపితి."

కబురు వచ్చింది. కాకకు బాగా లేదు, నిన్ను చూడాలంటున్నాడు అని. మోకాళ్ల నొప్పులు, రాలేనని చెప్పాను. నొప్పులు నిజమే, రాకపోవడానికి కారణం మాత్రం అవి కావు. పొద్దున పిట్ట అంత తొందరగా ఎందుకు ముట్టిందో నాకు అప్పుడు తెలిసింది. ఆయనకు అడగడానికి ఏమీ మిగల్లేదు. తాను తాగాననే నమ్మి పోయాడు.

విఠల్ మామ లేచాడు. ఇద్దరు పట్టుకోబోతే వద్దని తోసేశాడు. భుజం మీది కండువా తీసి, పాత రోజుల్లో జెండా ఎత్తినట్టు పైకెత్తి, పత్తి చేను వైపు తిరిగి అరిచాడు.

"ఐకా హో! పటేల్ జోడి సర్జా, మోత్యా! ధుర్కరి గంగారాం! తాగలే! పలుపు మంచిగ కట్టిండు! ఇన్నరా?"

ఆ సన్నబడ్డ గొంతు ఎక్కడినుంచి అంత వచ్చిందో. టోపీలవాళ్లు, తలపాగలవాళ్లు అందరూ లేచి నిలబడ్డారు. చూపు లేని ఆయన కూడా లేచాడు. మామ కండువా దించకుండా అలాగే నిలబడి ఉన్నాడు.

రాజవ్వ చిన్నమ్మ మాత్రం లేవలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని అంది:

"జర ముందుగాల ఒర్రితె, ఆయిన సుత ఇంటుండె."